పేజీ నంబరు లేని వాక్యం

మా ముత్తాత కోటయ్య గారు పామర్రు దగ్గర మా ఊరికి మునసబు. తాత రాఘవయ్య గారి మాటే చుట్టుపక్కల తగవుల్లో చివరి మాట. మా నాన్న నాటికి పొలం చాలావరకు చేయి జారిపోయినా మా నడక తీరు మారలేదు. ఈ ఉదయం ఒక విద్యార్థిని వ్యాసం దిద్దడానికి పెన్సిల్ చెక్కుతుంటే, ఆ చెక్కపొట్టు వాసనకు సుగుణరత్నం గారు గుర్తుకొచ్చారు. నా తల ఒక్కసారి వంచిన మనిషి ఆవిడ.

విజయవాడలో నా పరిశోధనకు ఆవిడే గైడు. ఇప్పటి నవలల మీద విమర్శ రాయడం మాకు నేర్పారు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, గవర్నరుపేటలోని తన ఇంటి వసారాలో మా వ్యాసాలు చూసేవారు. నవల గురించి ఏ తీర్పు చెప్పినా దానికి ఆధారమైన పేజీ నంబరు పక్కనే ఉండాలి. లేకపోతే మార్జిన్‌లో పెన్సిల్‌తో ‘పే?’ అని రాసేవారు. సిరా వాడరు. “నేను పొరబడితే చెరుపుకోవాలిగా” అనేవారు. పెళ్లి శుభలేఖ ఇచ్చినా మేడమ్ పేజీ నంబరు అడుగుతారని మాలో మేము నవ్వుకునేవాళ్లం.

ఒక కొత్త నవల మీద నేను సదస్సుకు పత్రం రాశాను. నా పేరుతో అచ్చయ్యే మొదటి వ్యాసం అది. ఆ నవలలో, పెద్ద రైతు ఇంటికి వెనకవైపు ఒక పొట్టి గేటు ఉంటుంది. కూలీలు వంగి అందులోంచి రావాలి. “ఇది రచయిత అతిశయోక్తి. డెల్టాలో పెద్ద కుటుంబాల ఇళ్లు ఇలా ఉండేవి కావు” అని రాశాను. పక్కన ‘పే?’ పడింది.

“దీనికి పేజీ ఎందుకండీ? నాకు తెలిసిన సంగతే” అన్నాను.

“ఎట్టా తెలుసు?”

“మా ఇల్లు ఉందిగా మేడమ్.”

“మీ ఇంట్లోకి నువ్వు ఎటునుంచి వెళ్తావు?”

“వీధి గుమ్మం నుంచే.”

“ఈసారి దొడ్డివైపు నుంచి వెళ్లి చూడు. ఆ తర్వాత ఈ వాక్యం ఉంచుతావో తీసేస్తావో నీ ఇష్టం.”

కోపంతోనే ఊరి బస్సెక్కాను. దొడ్డిగోడలో ఒక ఇనుప గేటు ఉన్న మాట నిజం. చిన్నప్పటి నుంచి దాన్ని గొడ్ల గేటు అనుకునేవాణ్ణి. బయట నిలబడి చూస్తే, గొడ్లు వచ్చే దారి వేరే ఉంది, వెడల్పుగా. ఇది ఒక మనిషి పట్టేంతే. నా భుజం ఎత్తు. వంగి లోపలికి వచ్చేసరికి వెనక అరుగు మీద నాన్న ఉన్నారు.

“ఈ గేటు ఎవరి కోసం నాన్నా?”

“కూలోళ్లకి. వీధి గుమ్మంలోంచి ఎట్టా వస్తార్రా వాళ్లు? ఏం, ఇప్పుడెందుకు?”

సాయంత్రం బస్సుకే విజయవాడ వచ్చేశాను.

తర్వాతి ఆదివారం మేడమ్ రెండే ప్రశ్నలు అడిగారు. “చూశావా?” చూశానన్నాను. “వంగావా?” వంగానన్నాను.

“మా అమ్మ రోజూ వంగేది. మీ ఇంట్లో కాదులే, కంగారుపడకు. వేరే ఊళ్లో.”

నేను తిరగరాసిన కాగితాలు ఇచ్చాను. ఈసారి నవలను ఆకాశానికెత్తాను. చదివి, పెన్సిల్ కింద పెట్టేశారు.

“సిగ్గుపడి పొగిడావయ్యా. అదీ విమర్శ కాదు. చివరి మూడు అధ్యాయాలు తేలిపోయాయి, ఆ మాటా రాయి. ఆ గేటు సంగతి మాత్రం ఏ ఆధారంతో ఒప్పుకుంటున్నావో చెప్పు. అది పుస్తకంలో దొరకదు.”

ఆ ఆధారం రాస్తే మా ఇంటి సంగతి నలుగురిలో పడుతుంది. రాయకపోతే మళ్లీ పేజీ నంబరు లేని వాక్యమే. నాలుగు రోజులు ఆలోచించి, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక్క వాక్యం చేర్చాను: ‘వ్యాసకర్త ఇంటికి ఇటువంటి గేటు ఉంది.’ అచ్చయ్యాక నాన్న కళ్లజోడు పెట్టుకుని ఆ వాక్యం రెండుసార్లు చదివారు. “ఇంటి పేరు నిలబెట్టావు” అని పత్రిక నా ఒళ్లో పడేశారు. మళ్లీ నాతో మాట్లాడటానికి ఆయనకు ఆరు నెలలు పట్టింది.

సుగుణరత్నం గారు ఇప్పుడు లేరు. నేను కూడా పెన్సిల్‌తోనే దిద్దుతాను. మా కుటుంబం గురించి ఎక్కడైనా గొప్పగా చెప్పబోతే, ఆ మాట పక్కన ‘పే?’ కనబడుతుంది. ఈ వ్యాసం మొదటి వాక్యాల పక్కనా కనబడింది. అయినా ఉంచాను.

నాన్న చనిపోయిన ఏడాది ఇల్లు పడగొట్టించి అమ్మేశాం. టేకు తలుపులు, వీధి గుమ్మం ఒకరు కొనుక్కున్నారు. పొట్టి గేటును ఎవరూ అడగలేదు. పాత ఇనుముతో కలిపి తూకానికి వేశాం.