మిర్యాలగూడకు మూడు జాడీలు

సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు నేరుగా వెళ్లాలంటే మధ్యలో మూసీ దాటాలి. ఆ వారం మూసీ నిండుగా పారుతోంది. బండ్లవాళ్లు ఎవరూ రామన్నారు. అందుకని మూసీ మీద వంతెన ఉన్న కోదాడ దారిన చుట్టు తిరిగి బస్సులో బయల్దేరాను. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, వానాకాలం చివర. వెంట ఒక వెదురు గంప, అందులో వరిగడ్డి చుట్టిన మూడు జాడీలు. ఆ దారిన పగిలే సామాను తీసుకెళ్లేవాళ్లకు ఒక్క మాట చెబుతాను: దాన్ని బస్సు మీద వేయనివ్వకండి, ఒళ్లో పెట్టుకోండి.

నేను కుమ్మరిని. రెండేళ్లు బర్మాలో ఉండి వచ్చాను. రంగూను దగ్గర ట్వాంటే అనే ఊళ్లో కుమ్మరుల జాడీలకు నిగనిగలాడే పూత ఉంటుంది. అందులో నూనె పోసినా చుక్క బయటికి రాదు. మన కుండల్లో పోస్తే మర్నాటికే చెమటోడుస్తాయి. ఆ పని నేర్చుకుని ఇంటికొచ్చి, పగిలిన గాజులు ఏరి, నూరి, బూడిద కలిపి పూత తయారుచేశాను. కుండలు కాల్చే పాత ఆములో అంత వేడి నిలవదని పెరట్లో ఎత్తుగా కొత్త ఆము కట్టాను. నాలుగుసార్లు కాలిస్తే నాలుగుసార్లూ పూత పొక్కిపోయింది. ఐదోసారి ఈ మూడు నిలిచాయి.

అప్పటికే మా అన్న మల్లయ్యకు ఓపిక నశించింది. "తమ్మీ, ఇవి మిర్యాలగూడ నూనె సేటుకు సూపెట్టు. తీసుకుంటే సరే. తిరిగి తెస్తివా, నీ ఆము నేనే కూలగొడ్త. మల్ల నీళ్ల కుండలే చేసుకుందం" అన్నాడు. అన్న అన్నాడంటే చేస్తాడు.

పొద్దున ఆరున్నరకు బస్సు కదిలింది. పక్కన కూర్చున్న గొర్రెల కాపరి ముసలాయన గడ్డి తొలగించి, వేలి కణుపుతో జాడీని కొట్టి చెవి పెట్టాడు. మా వైపు కొట్టి చూడకుండా కుండ కొనేవాడు ఉండడు. ఖంగుమంటే కాలినట్టు, లేకపోతే పచ్చిది. నా జాడీ గోడ మందం, పైన పూత. అది దబ్బుమంటుంది.

"మోగుతలేదు గదా బిడ్డా. ఎవడు కొంటడు?" అన్నాడు.

"మోగనీకి కాదు తాతా, నూనె పోసుకోనీకి" అని విసుక్కున్నాను. నిజానికి అది కోపం కాదు, భయం.

ఎనిమిదిన్నరకు కోదాడ చేరాను. మిర్యాలగూడ బస్సు మర్నాడే అన్నారు. ఆ రోజు మా మేనత్త ఇంట్లో ఉన్నాను. ఆమె అన్నం వడ్డించి, గంప దగ్గరికెళ్లి తానూ ఓ దెబ్బ కొట్టింది. "ఏరా అబ్బాయ్, ఎక్కడో బీట ఇచ్చినట్టుందిరా" అంది. సొంత మేనత్తే అలా అంటే ఇక పరాయివాళ్లను ఏమనాలి?

మర్నాడు ఏడింటి బస్సెక్కి, హుజూర్‌నగర్ మీదుగా, గుంటల రోడ్డులో ఎగిరెగిరి పదిన్నరకు మిర్యాలగూడలో దిగాను. నూనె సేటు నన్ను కూర్చోమని కూడా అనలేదు. వరసగా మూడింటినీ కొట్టి చూశాడు.

"సక్కగ కాలలే. తీస్కపో."

పెరట్లో అన్న గడ్డపార ఎత్తినట్టే అనిపించింది. ఆయన కొట్టులో నేలంతా కుండల్లోంచి ఊరిన నూనెతో నల్లబడి ఉంది. అది చూశాక నోరు లేచింది.

"సేటూ, కొట్టి సూడకుండ్రి, నూనె పోసి సూడుండ్రి. కింద కాయితం పెట్టుండ్రి. పొద్దుగూకేదాక ఒక్క మరక పడ్డా, నేనే పలగొట్టి పోత."

సేటు నవ్వాడు, కానీ పోశాడు. అప్పుడు పదకొండు.

బజారులో ఒక పూటకూళ్ల ఇల్లు ఉంది. గోంగూర పప్పు బాగుంటుందని అందరూ అంటారు, వెళ్లినవాళ్లు తిని చూడండి. నాకైతే ముద్ద దిగలేదు. మూడుసార్లు కొట్టు దగ్గరికి వెళ్లాను, మూడుసార్లూ సేటు కసిరి పంపాడు.

ఐదింటికి మొదటి జాడీ ఎత్తాడు. కింద కాగితం మీద అర్ధణా బిళ్లంత మరక. నా పని అయిపోయిందనుకున్నాను. సేటు మాత్రం జాడీని వెలుతురుకు తిప్పి చూశాడు. అంచు నుంచి అడుగు దాకా సన్నటి నూనె గీత.

"పోసేటప్పుడు నా చేతిలనే తొణికింది. ఇది నీ తప్పు గాదు" అని తుడిచి, కొత్త కాగితం వేసి, "ఇంకో గంట కూసో" అన్నాడు. మొదటిసారి కూర్చోమన్నాడు!

ఆరింటికి మూడు కాగితాలూ పొడిగా ఉన్నాయి. సేటు వాటిని వేళ్లతో రుద్ది, మళ్లీ రుద్ది, "యాడ నేర్సినవయ్యా?" అని అడిగాడు.

"రంగూన్ల."

"కొట్టు నిండ ఇవే పెడ్త. దీపావళి దాక ఎన్నైతే అన్ని తే."

బయటికొచ్చి బజారు మధ్యలో పెద్దగా కేక పెట్టాను. జనం పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు. చూడనీ! రెండేళ్ల నా కష్టం గెలిచింది.

ఆ పూట సత్రంలో పడుకుని, మర్నాడు పొద్దున్నే తిరుగు బస్సెక్కాను. కోదాడలో బస్సు మారేటప్పుడు అనుకున్నాను: సముద్రం దాటి పని నేర్చుకోవడం కన్నా, దాన్ని మనవాళ్ల చేత ఔననిపించడమే కష్టం. అయినా దానికంటే సంతోషం ఇంకోటి లేదు.

మూడున్నరకు సూర్యాపేటలో దిగేసరికి అన్న బస్సుల దగ్గరే నిలబడి ఉన్నాడు. ఖాళీ గంప చూశాడు, నా మొహం చూశాడు. నేను నోరు తెరిచేలోపే గంప అందుకుని భుజాన పెట్టుకున్నాడు.

"ఆ ఒక్క ఆము సాలుతదా తమ్మీ, ఇంకోటి కడ్దమా?" అన్నాడు.