పనస తొక్క తొడుక్కున్న పుంజు

అసూయ తలకెక్కినవాడు ఎంత దూరం పోతాడో మీకు తెలియకపోతే నన్ను చూడండి. నేను కోడిపుంజుకు పనస తొక్క తొడిగాను. దాంతో మా ఊరు తర్లగూడలో నా పరువు ఎలా మంటగలిసిందో చెబుతాను, నవ్వుకోండి.

అప్పటికి నా మీసం ఇంకా నల్లగానే ఉంది. సంత రోజున టీ హోటల్లో డబ్బా టీవీ పెట్టి హిందీ మాట్లాడే రాక్షస సినిమాల సీడీలు వేసేవారు. సగం మొసలి, సగం కోడి! తోక దగ్గర కుట్లు కనిపిస్తాయి. ముక్కు చూస్తే నీళ్లలో వేసిన సొరకాయలా తేలుతుంది. మావాళ్ల హిందీ బేరానికి సరిపోతుంది గానీ సినిమాకు చాలదు. అందుకని మా ఊరి పోశయ్య టీవీ పక్కన నిలబడి కథ తెలుగులోనూ, మా ఇళ్లలో మాట్లాడే దోర్లీ భాషలోనూ చెప్పేవాడు. చెప్పడమా అది? సినిమాలో ఉన్నది పావు, వాడు కలిపేది ముప్పావు!

బడి మొహం చూడకుండా, పకోడీలు కట్టిచ్చిన కాగితాలు చదివి హిందీ నేర్చినవాణ్ణి నేనుండగా, వాడా చెప్పేది? పోనీ, అదీ ఓర్చుకునేవాణ్ణి. ముందు వరసలో నోరు తెరుచుకుని వినేది మా ఆవిడ లచ్చమ్మ!

“పోసన్న చెప్తుంటే ఒళ్లు జల్లుమంటది,” అంది ఇంటికొచ్చాక.

“ఆడు చెప్పేదంత అబద్ధం. అది రబ్బరు తొడుగు!”

“నాకెరుకలేదా ఏంది? కుట్లు నాకూ కనబడ్తయి. నువ్వు పక్కన కూసుంటే కుట్లే చూపిస్తవు. ఆయన మొసలిని చూపిస్తడు.”

ఆ మాట పచ్చిమిరపకాయలా మండింది. రాక్షసులను చేయడం ఎంత సులువో నలుగురిలో రుజువు చేసి పోశయ్య నోరు మూయించాలనుకున్నాను. మరుసటి సంతకు నా పందెం పుంజు వీపుకు పనస తొక్క కట్టి, చంకలో పెట్టుకుని వెళ్లాను. సినిమా మంచి పట్టులో ఉండగా లేచి అరిచాను.

“ఇగో చూడుండ్రి! రాక్షసులను ఇట్లనే చేస్తరు!”

పుంజు చేయి జారి, ఎగిరి టీవీ మీద వాలింది.

పోశయ్య రెప్పకూడా వేయలేదు. “అయ్యో, పిల్ల మొసలికోడి! తల్లిని ఎతుక్కుంట టీవీలకెళ్లి బయటికొచ్చిందిరో!”

హోటలు ఈలలతో దద్దరిల్లింది. సిగ్గులేని పుంజు వాడి భుజమెక్కి కూసింది.

“అది నా పుంజు!” అన్నాను.

“అడ్డం జరుగు మావా, కనబడ్తలేదు!” అన్నారెవరో వెనకనుంచి.

“తర్వాత ఏమైంది పోసన్నా?” అని ఇంకో గొంతు ఆత్రంగా అడిగింది. లచ్చమ్మది. పొద్దున నేను పుంజు కాళ్లు పట్టుకుంటే, ఆ తొక్కను తాడేసి బిగించి కట్టింది తనే!

నాటి నుంచి, ప్రాణమున్న ఏ కోడికీ పనస తొక్క తొడగనని, పోశయ్య కథ చెబుతుంటే నోరెత్తనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ పిల్ల మొసలికోడికి తల్లి దొరికిందో లేదో వాడు నేటికీ తేల్చలేదు. నేను చచ్చినా అడగను. లచ్చమ్మను అడగమన్నాను.