రాజవ్వ చిటికెనవేలి గోరు

మొన్న పొద్దున మా మునిమనవరాలు వరసగా ఐదుసార్లు తుమ్మింది. మూడు నెలల పిల్ల. తుమ్మి, ఆవులించి, మళ్ళీ తుమ్మింది. ఇంట్లో అందరూ నవ్వారు. నేను మాత్రం దాని అంగీ చేయి పైకి జరిపి, నూగు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయేమోనని చూశాను. లేదు, ఉత్త పడిశం. "ఏం జూస్తున్నవే అవ్వా?" అని మా పెద్దబిడ్డ భాగ్య అడిగింది. "ఏం లే" అన్నాను. భాగ్యకు అరవై దాటాయి. ఆమెకు చెప్పకుండా దాచిన మాట ఒకటి, ఆమె చంటిపిల్లగా ఉన్నప్పటినుంచీ నా దగ్గర ఉంది. అది రాజవ్వ సంగతి. రాజవ్వను ఎరిగినవాళ్ళెవరూ నేను తప్ప ఇప్పుడు లేరు కాబట్టి మొదటినుంచి చెబుతాను.

హుస్నాబాద్‌లో మాది సాలెవాడ. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను అక్కడికి కాపురానికి వచ్చాను. మగవాళ్ళు గుంటలో కూర్చుని మగ్గం నేస్తే, ఆడవాళ్ళం చర్ఖా తిప్పి నూలు కండెలు చుట్టి అందించాలి. కండె ఆగితే మగ్గం ఆగుతుంది. చంటిపిల్ల ఏడిస్తే కండె ఆగుతుంది. అందుకని వాడలో ఒక ఏర్పాటు ఉండేది, దాన్ని ఎవరూ తప్పనుకోలేదు. పొద్దున్నే రాజవ్వ ఇంటింటికీ వచ్చి పిల్లలకు నల్లమందు పెట్టిపోయేది. ఆమె మా పక్కింటి ముసలమ్మ, మొగుడు పోయాడు, పిల్లలు లేరు. తుంటినొప్పికని మొదలుపెట్టిన నల్లమందు ముప్పై ఏళ్ళుగా రోజూ రెండు పూటలా వేసుకునేది. అలవాటు పడ్డవాళ్ళు దుకాణంలో కొనుక్కోవడానికి సర్కారు ఇచ్చే చీటీ కూడా ఆమెకు ఉండేది. ఆ ముద్దలోంచే చిటికెనవేలి గోటితో రవ్వంత గీకి, చనుబాలలో అరగదీసి, పిల్ల నాలుకకు రాసేది. ఆ ఒక్క గోరును మాత్రం పెంచి, సన్నగా చెక్కి ఉంచుకునేది. వాడకంతా అదే కొలత. మందు ఎక్కువైతే పిల్ల లేవదని అందరికీ తెలుసు, అందుకే తల్లులెవరూ తమ చేత్తో పెట్టేవారు కాదు. సాయంత్రం దాకా పిల్లలు తొట్టెలల్లో కదలకుండా పడుకునేవాళ్ళు. మా పిల్లలు మంచివాళ్ళని మురిసిపోయేవాళ్ళం.

భాగ్యకు ఆరో నెల. పెండ్లిళ్ళ కాలం, చీరలకు తొందర. ఆ రోజు పిల్ల మధ్యాహ్నానికే లేచి ఏడుపు అందుకుంది. గుంటలోంచి మా ఆయన "కండె ఏది?" అని రెండుసార్లు అడిగాడు. మా అత్త ఆగిన చర్ఖా వైపు చూసింది. రాజవ్వ కోసం పోతే ఇంట్లో లేదు. గూట్లో ఆమె డబ్బీ ఎక్కడ ఉంటుందో నాకు తెలుసు. నా గోటితో గీకాను. కాసేపటికి పిల్ల ఏడుపు ఆగింది. నాకు హాయిగా అనిపించింది, అది కూడా దాచను. ఏడు కండెలు చుట్టాను.

పాలిద్దామని ఎత్తితే మెడ వాలిపోయింది. పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి. ఒక ఊపిరికీ మరో ఊపిరికీ మధ్య నేను చచ్చి బతుకుతున్నాను. దవాఖాన ఉన్న ఊరికి బస్సు పొద్దున్నే వెళ్ళిపోయింది. పిల్లను పట్టుకుని రాజవ్వ ఇంటికి పరుగెత్తాను. అప్పుడే నీళ్ళ బిందె దించుతోంది.

"ఏం జేసినవ్?"

"ఇంకోపారి ఇచ్చిన."

"ఎంత?"

"గోరంత. నీ లెక్కనే."

ఆమె నా చెయ్యి లాగి చూసింది. వెడల్పాటి గోరు. పిల్ల ముఖాన చన్నీళ్ళు కొట్టి, అరికాళ్ళ మీద వేలితో టపటపా కొట్టడం మొదలుపెట్టింది. "నిద్ర పోనియ్యద్దు. పోతె ఊపిరి తీసుడు మరిచిపోతది. గిచ్చు." నా చేత కాలేదు. ఆమే గిచ్చింది. దీపాలు పెట్టే వేళకు భాగ్య గట్టిగా ఏడ్చింది. అంత మంచి చప్పుడు నేను మళ్ళీ వినలేదు.

అప్పటికే మా అత్త, మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఏమైందని అత్త అడిగింది. నేను నోరు తెరిచేలోపు రాజవ్వ నా మణికట్టు పట్టుకుంది. "నా గోరే తప్పింది. పొద్దున జర ఎక్కువ వడ్డది" అంది. అత్త తిట్టిన తిట్లన్నీ తలవంచుకుని విన్నది. వాళ్ళు వెళ్ళాక నాతో అంది: "నువ్వని తెలిస్తె నిన్ను అవ్వగారింటికి తోలి పిల్లను గుంజుకుంటరు. నన్నేం జేస్తరు? నేనొక్కదాన్ని." నేను ఊరుకున్నాను. అప్పుడు పంతొమ్మిదేళ్ళదాన్ని, భయపడ్డాను. తరువాత ఊరుకున్నదానికి ఆ వయసు సాకు చెప్పుకోలేను.

ఇక పిల్లకు మందు పెట్టకూడదని ఇద్దరం అనుకున్నాం. మర్నాడు మొదలైంది. తుమ్ములు, ఆవులింతలు, చేతుల మీద నిక్కబొడుచుకున్న నూగు, నీళ్ళ విరేచనాలు, పాలు పట్టబోతే ముఖం తిప్పుకుని ఒకటే ఏడుపు. ఆ ఏడుపు ఇంట్లో ఎవరూ భరించలేకపోయారు. అందుకే పిల్లను తీసుకుని మళ్ళీ రాజవ్వ అరుగు మీదికి పోతే ఎవరూ అడ్డుచెప్పలేదు. రాజవ్వ తన డబ్బీ నా చేతికిచ్చి, "పాడువడ్డ బాయిల వెయ్యి. ఇది ఏడుస్తుంటె, డబ్బీ ఇంట్ల ఉంటె, నా చెయ్యి ఆగది" అంది. వేసి వచ్చాను. అలా ఆరు నెలల పిల్ల, అరవై ఏళ్ళ ముసలమ్మ ఒకేసారి మానారు.

రాజవ్వ ఎండలో గొంగడి కప్పుకుని వణికేది. ముక్కు, కళ్ళు కారేవి. కూర్చున్నచోట కాళ్ళు తన్నుకునేవి. ఆ బాధలోనే నాకు పిల్ల భాష చెప్పేది. "గిప్పుడు పిక్కలు గుంజుతుంటయి. కాళ్ళు వత్తు." వత్తితే పిల్ల ఏడుపు కాస్త తగ్గేది. "గిప్పుడు కడుపుల మెలివెడుతది. బొజ్జ నీ బొజ్జకు ఆనిచ్చి ఎత్తుకో." "గిప్పుడు చలి. ఎండ ఉన్నదని సూడకు, కప్పు." ప్రతిదీ తన ఒంట్లో చూసుకుని చెప్పేది. ఏడ్చే పిల్లకు ఒక్కో గడియలో ఒక్కో బాధ ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. ఏడుపంటే పనికి అడ్డం అనుకునేదాన్ని.

నాలుగోనాడు నేనే ఓడిపోయాను. "ఆవగింజంత ఇద్దామవ్వా, చూడలేక పోతున్న" అని ఏడ్చాను. రాజవ్వ గొంగట్లోంచి ముఖం బయటపెట్టింది. "దానికి నల్లమందంటె ఏందో తెల్వది. అది మందును అడుగుత లేదు, నిన్ను అడుగుతుంది. మందు అడిగేది నేను. నేనడిగినా ఇయ్యకు." ఆరోనాడు భాగ్య కడుపునిండా పాలు తాగింది. ఎనిమిదోనాడు రాజవ్వ ముక్కు పట్టుకు లాగి నవ్వింది.

తొమ్మిదోనాడు రాజవ్వ అరుగు మీద లేదు. మధ్యాహ్నం నల్లమందు దుకాణం వైపు నుంచి నిదానంగా నడుచుకుంటూ వచ్చింది. వణుకు లేదు, కళ్ళు తేటగా ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది. "గిన్ని దినాలు నాకు చెప్పినయన్ని ఉత్తయేనా?" అని అడిగాను.

"దానిది ఆరు నెలల అలవాటు బిడ్డా, నాది ముప్పయ్యేండ్లది. తుంటి నిలవడనిస్త లేదు. నేను ఓడిపోయిన. గంతమాత్రాన నీకు చెప్పింది అబద్దమైతదా?"

కానీ ఆమె చిటికెనవేలి గోరు మొదలంటా కత్తిరించి ఉంది. చచ్చేదాకా ఇంకో పిల్ల నోట్లో వేలు పెట్టలేదు. "నలుగురు కండెలు చుట్టుండ్రి, ఒకలు పిల్లలను పట్టుకోండ్రి. వంతులు వేసుకోండ్రి" అని నాకు చెప్పింది కూడా ఆమే. ఆమె చెబితే వాడలో వినేవారు కాదు, పిల్లను చంపబోయిన ముసల్దని పేరు పడింది కదా. అందుకని నేను చెప్పాను. కొందరు తిట్టారు, కొందరు కలిశారు. కొన్నేళ్ళకు ఊళ్ళో బాలవాడి పెట్టినప్పుడు నన్నే టీచరుగా తీసుకున్నారు. పిల్లల మనసు తెలిసిన మనిషినని మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఎవరిదో నాకు తెలుసు. అప్పుడైనా నోరు విప్పలేదు. రాజవ్వ పోయిననాడు మా అత్త చూడటానికి కూడా రాలేదు.

ఇప్పటికీ ఏ పిల్ల ఏడ్చినా ముందు కాళ్ళు పట్టి చూస్తాను, తరువాత బొజ్జ. నా చిటికెనవేలి గోరు పెరగనివ్వను. భాగ్య మాత్రం తన మనవలకు నవ్వుతూ చెబుతుంటుంది, "నన్ను చిన్నప్పుడు ఒక నల్లమందు ముసల్ది సంపబోయిందట" అని. ఆ మాట నేను పక్కనే కూర్చుని ఎన్నిసార్లు విన్నానో.

ఈ కాగితాలు రేపు భాగ్య చేతికే ఇస్తాను. భాగ్యా, రాజవ్వ గోరు ఎన్నడూ తప్పలేదు. ఆ గోరు నాది.