రైలు దిగని మనిషి

లిఫ్టులు బాగుచేసే మెకానిక్ అతను. యాభై దాటాయి. పనిమీద తిరుగుతూ నెలలో సగం రోజులు రైళ్ళలోనే ఉంటాడు. సంచిని కాళ్ళ మధ్య ఇరికించుకుని, రైలు ఆగిన ప్రతిచోటా టికెట్టు జేబులో ఉందో లేదోనని తడుముకుంటాడు. గొంతు ఎండిపోతున్నా ప్లాట్‌ఫారం మీదికి మాత్రం దిగడు. రైలు కదిలాక కాస్త ఊపిరి పీల్చుకుని, గ్రీజు మరకల నోటుబుక్కు తీసి చిన్ననాటి ప్రయాణాల మీద కవితలు రాసుకుంటాడు. తోటి పనివాళ్ళు “కవిగారూ” అని ఆటపట్టిస్తే చెవులు ఎర్రబడతాయి.

ఇన్నాళ్ళకు ఆ కవితలు పుస్తకంగా వస్తున్నాయి. అచ్చుకు పంపేముందు ప్రూఫులు అక్క చేతిలో పెట్టి, ఆమె చదువుతున్నంతసేపూ గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుక్కున్నాడు. ఒక పేజీ దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. నీళ్ళకని దిగిన నాన్న, కదిలిపోతున్న రైలును పరుగెత్తి అందుకున్న కవిత అది. “తప్పేమన్నా రాశానా అక్కా?” అన్నాడు. “నీళ్ళ వంకతో దిగాడురా. మనల్ని వదిలేసి పోదామనే దిగాడు. కుళాయి దాటి స్టేషను గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. కిటికీలోంచి నేను ఆయన్నే చూస్తున్నాను. నన్ను చూశాకే సీసా నింపుకుని పరుగెత్తుకొచ్చాడు.” “మరి ఇన్నేళ్ళూ నాతో అనలేదేం?” “ఆయన తెచ్చిన నీళ్ళు గటగటా తాగి నవ్వావురా. ఏమని చెప్పను?” అతను కలం తీసుకుని ఆ పేజీ ముందు కూర్చున్నాడు. నాన్న గురించి రాసినదాంట్లో ఒక్క మాటా కొట్టెయ్యలేకపోయాడు. చివరికి కింద ఒక్క పాదం చేర్చాడు: “కిటికీ దగ్గర అక్క ఉంది.”