పద్నాలుగు పనుల పొయ్యి

కువైట్‌లో నేను చేసిన మొదటి తప్పు ఆ పొయ్యి తలుపు తెరవడం.

అర్దియాలో, నాకు వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, మా కఫీల్ ఇంటి దివానియాలో, అంటే సాయంత్రాలు మగవాళ్లు చేరి కూర్చునే బయటి హాల్లో, చలికి గది వెచ్చబెట్టే ఆ పొయ్యి గోడ పక్కన ఉండేది. రంపపు పొట్టును గట్టిగా నొక్కి చేసిన గుళికలు దానికి తిండి. పైన తొట్టిలో పోస్తే లోపలి స్క్రూ కొన్నికొన్నిగా మంటగిన్నెలోకి తోస్తుంది. అమ్మిన దుకాణం మనిషి రావడం మానేశాక హాలంతా పొగ పట్టేది. నేను ఆ ఇంటి డ్రైవర్ని. మెకానికల్ డిప్లొమా చదివానని ఎవరికైనా చూపించాలన్న దురద ఒకటి ఉండేది. మంటగిన్నె అడుగు రంధ్రాలు మసితో పూడుకుపోయాయని కనిపెట్టి, మేకుతో పొడిచాను. పొగ ఆగింది. కఫీల్ భుజం తట్టాడు. ఆ రోజు నుంచి ప్రతి చలికాలం, ప్రతి శుక్రవారం పొద్దున, అది నా పని.

మూడో చలికాలంలో షువైఖ్‌లో ఒక గ్యారేజీ యజమాని నన్ను మెకానిక్‌గా తీసుకుంటానన్నాడు. నెలాఖరులోగా కఫీల్ నన్ను వదులుతున్నట్టు విడుదల కాగితం మీద సంతకం పెట్టాలి. లేకపోతే ఆ చోటు ఇంకొకరికి.

"మాఫీ ముష్కిల, ఇబ్బందేం లేదు, వెళ్లు," అన్నాడు కఫీల్. "కానీ పొయ్యి ఎవరు చూస్తారు? ఒకరికి నేర్పు. నా కళ్ల ముందు చేసి చూపించాలి. అప్పుడే సంతకం."

ఇంట్లో పనికి నేను కాక పనిమనిషి ఒక్కరే ఉన్నారు. రాయచోటి వైపు నుంచి వచ్చిన అక్క. ఆమె కోసం తెలుగులో పద్నాలుగు పనులు రాసి గోడకు అంటించాను. ఒకటి, పొయ్యి పూర్తిగా చల్లారేదాకా ఆగడం. మూడు, గిన్నె రంధ్రాలు గీకడం. ఆరు, తడి కాగితాన్ని బూడిదలో అద్ది గాజు తుడవడం. పదకొండు, తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగడం. తేలిగ్గా ఊడివస్తే పొగ బయటికి రాకుండా చుట్టూ ఉన్న నారతాడు వదులైనట్టు.

"మా ఊర్లో దేవుడికి గూడా ఇంత సేవ లేదబ్బీ," అనేది అక్క.

ప్రతి శుక్రవారం నేర్పేవాణ్ని. ప్రతి శుక్రవారం మరిచిపోయేది. నాలుగు చేశాక రెండు, తొమ్మిది చేశాక మళ్లీ నాలుగు. నా రాతలోనే లోపముందేమోనని జాబితాను రెండుసార్లు తిరగరాశాను.

ఒక పొద్దున కారు తాళం మరిచి వెనక్కి వచ్చేసరికి ఆమె పొయ్యి ముందు ఒంటరిగా కూర్చుని ఉంది. తలుపు సందులో కాగితం పెట్టి, మూసి, లాగి చూస్తోంది. నాలుగు వైపులా. వరుస తప్పకుండా.

"అక్కా, నీకు వచ్చు!"

ఆమె ఉలిక్కిపడింది. "గట్టిగా అనబాక. వంట, బట్టలు, పిల్లోళ్ల బాక్సులు, ఇంటామె మామా కాళ్లు పిసికేది. ఇది గూడా వచ్చంటే నా నెత్తినే పడుతుంది. నువ్వు పోతే ఇంకో మనిషిని తెస్తాడనుకున్యావా?"

"మరి నేనెట్ల పోవాలక్కా?"

కాగితాన్ని మడిచి నా చొక్కా జేబులో పెట్టింది. "అది నన్నడిగితే నేనేం చెప్పేది అబ్బీ."

నెల చివరి శుక్రవారం కఫీల్ దివాన్ మీద కూర్చుని, "యల్లా," అన్నాడు. అక్క బ్రష్ తీసుకుంది. నేను నేర్పినట్టే, పిడి చివర కాకుండా కుచ్చు దగ్గర పట్టుకుంది. అది నాకు తప్ప ఎవరికీ అర్థం కాదు. తరువాత బూడిద పెట్టెను సగం లాగి, కార్పెట్ మీద కొంత ఒలికించి, చేతులు వదిలేసింది.

"మాఫీ మాలూమ్, బాబా. నాకు తెలీదు."

కఫీల్ నా వైపు చూశాడు. ఆమెకు వచ్చని, నా కళ్లతో చూశానని ఒక్క మాట అంటే చాలు. ఆమె నా వైపు చూడలేదు, ఒలికిన బూడిదనే చూస్తోంది.

"ఇంకా రాలేదు బాబా," అన్నాను.

"ఖలాస్. వచ్చే చలికాలం చూద్దాం," అని లేచి వెళ్లిపోయాడు.

గ్యారేజీ యజమానికి ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. ఆయన సరేనని పెట్టేశాడు, అంతే. మళ్లీ మొదటి పని నుంచి మొదలుపెట్టాను. గాజు తుడుస్తుండగా అక్క టీ తెచ్చి పక్కన పెట్టి, వంగి చూసింది.

"కింద మూలకాడ తాడు లేచిండాది చూడబ్బీ. పొగ వాసన ఆడ్నించే వస్తాంది."

నిజమే, లేచింది. అది పదకొండో పని. నేనింకా ఆరో దానిలోనే ఉన్నాను.