మందు డబ్బాలతో చేసిన బిందె

పురుగుమందు డబ్బాలు కాలవలో పారెయ్యొద్దని, తమకిస్తే కరిగించి కొత్త వస్తువులు చేస్తామని తాడేపల్లిగూడెం దగ్గరి ప్లాస్టిక్ ఫ్యాక్టరీ వాళ్లు పెంటపాడు పక్కనున్న మా ఊళ్లో మీటింగ్ పెట్టారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. నా ట్రాక్టరు మీద ఇంటింటికీ తిరిగి డబ్బాలు పోగుచేసి పంపాను కూడా.

ఆ వేసవిలో మా ఆవిడ వీధిలోకొచ్చిన బండి దగ్గర నీలం బిందె కొంది. మర్నాడు పొద్దున్నే నన్ను కేకేసింది.

"ఏవండీ, ఈ నీళ్లు ఒక్కసారి వాసన చూడండి. మందు కొట్టి వచ్చినప్పుడు మీ చొక్కా ఇలాగే కంపు కొడుతుంది."

చూశాను. ఏళ్ల తరబడి పీల్చిన వాసన, పొరబడే ప్రశ్నే లేదు. బిందె తిరగేస్తే అడుగున ఆ ఫ్యాక్టరీ గుర్తే ఉంది. అప్పటికే మా చిన్నమ్మాయి ఆ నీళ్లు సీసాలో పోసుకుని స్కూలుకి వెళ్లిపోయింది. బండి తీసి పరిగెత్తాను. నేను వెళ్లేసరికి సగం సీసా తాగేసింది. మిగతాది పారబోసి, అట్నుంచటే ఫ్యాక్టరీకి పోయాను.

మేనేజరు మర్యాదస్తుడే. లోపలికి తీసుకెళ్లి అంతా చూపించాడు. మందు డబ్బాలు, నూనె క్యాన్లు, విరిగిన కుర్చీలు అన్నీ ఒకే గుట్టగా పడున్నాయి. కడిగే తొట్టి ఎండిపోయి బీటలు వారింది.

"ఇవి కడగరా?"

"కడిగేవాళ్లమండీ. ఆ నీళ్లు కాలవలోకి పోతున్నాయని దిగువన చేపల చెరువుల వాళ్లు గొడవ చేశారు. దాంతో మానేశామండీ. ఇప్పుడు చుక్క నీరు బయటికి పోదు."

ఆ మాట గర్వంగా చెప్పాడు! నా ఒళ్లు మండిపోయింది.

"నీళ్లు శుభ్రం చేసే మిషన్ పెట్టాలి గానీ, కడగడమే మానేస్తారా? కాలవలో పొయ్యొద్దంటే ఆ విషం తెచ్చి మా బిందెల్లో పోశారా?"

"అయ్యో, మందు డబ్బాల సరుకు డ్రైనేజీ పైపులకేనండీ. ఎక్కడో కలిసిపోయుంటుంది. మీకు వేరే బిందె ఇప్పిస్తాను."

వేరే బిందెట!

మర్నాడు ఊళ్లో ఆడవాళ్లంతా తమ బిందెలు పట్టుకుని నాతో వచ్చారు. అన్నీ ఫ్యాక్టరీ గేటు ముందు పడేసి, ఆఫీసర్లు వచ్చేదాకా కదల్లేదు. వాళ్లు వచ్చి, రాసుకుని, బిందెలు చెయ్యడం ఆపించారు. ఫ్యాక్టరీ మాత్రం నడుస్తూనే ఉంది. మనసాగక ఆ రోడ్డున వెళ్లినప్పుడల్లా లోపలికి వెళ్లి అడుగుతున్నాను. నీళ్లు శుభ్రం చేసే మిషన్ వస్తోందంటున్నారు. ఇంకా రాలేదు.

అమ్మాయిని ఏలూరు తీసుకెళ్లి రక్త పరీక్షలు చేయించాం. ప్రస్తుతానికి ఏమీ కనపడలేదని, జాగ్రత్తగా చూసుకుంటూ ఉండమని డాక్టరుగారు చెప్పారు.

"ఏం వస్తుందేమోనని చూసుకోవాలండీ?" అని మా ఆవిడ అడిగింది.

ఆ నీళ్లలో ఏ మందు కలిసిందో తెలిస్తేగానీ చెప్పలేనన్నారాయన. ఆ జవాబు ఇవ్వాల్సింది ఆయన కాదు, ఆ ఫ్యాక్టరీ వాళ్లు.