నెమళ్ల కింద దిండు

నా చిన్నప్పుడు మేము నాచారంలో, ఫ్యాక్టరీల వెనక సందులో, రెండు గదుల పోర్షన్‌లో అద్దెకు ఉండేవాళ్లం. ముందు గదే హాలు, అదే పడకగది, చుట్టాలొస్తే అదే భోజనాల గది. వెనక గది వంటకు. అప్పుడు నాకు పదేళ్లు. ఇల్లు చిన్నదని నాకెప్పుడూ బాధ లేదు కానీ, అందంగా లేదని మాత్రం మస్తు బాధ ఉండేది. ఉన్నది రెండర్రలు, దీని సోకు మాత్రం పదర్రలది అని మా అమ్మ నవ్వేది.

ఆ ఏడు వినాయక చవితికి వారం ముందు ఓనరు గోడలకు లేత ఆకుపచ్చ రంగు వేయించాడు. సామానంతా వాకిట్లోకి చేర్చి, రంగు ఆరాక మళ్లీ లోపల సర్దుకోవాలి. అమ్మ పండగ సరుకుల కోసం ఉప్పల్ పోయింది. బీరువాను రంగులేసినాయనే లోపల పెట్టిపోయాడు. మంచం మిగిలింది.

అది మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క అందమైన వస్తువు. టేకు మంచం, తల వైపు పలక మీద రెండు నెమళ్లు చెక్కి ఉండేవి. కానీ ఆ పలకను ఎప్పుడూ గుమ్మం పక్కన దక్షిణం గోడకు ఆనించేవాళ్లు. లోపలికి వచ్చినవాళ్లకు మంచం కాళ్లు కనబడేవి తప్ప నెమళ్లు కనబడేవి కావు. నేను పక్కింటి అక్కను బతిమాలి పిలుచుకొచ్చాను. ఇద్దరం కలిసి మంచాన్ని తిప్పి, నెమళ్ల పలకను గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడకు చేర్చాం. దిండ్లు నెమళ్ల కింద పెట్టి, అమ్మ పాత చీరతో కిటికీకి తెర కట్టాం. వాకిట్లో నిలబడి చూస్తే అది మా ఇల్లంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

అమ్మ వచ్చి చూసి మురిసిపోయింది. మరుక్షణమే దిండ్లు తీసి కాళ్ల వైపు పెట్టింది. "పలక ఎటన్న ఉండనీ. ఉత్తరం దిక్కు తల పెట్టి పండుకోవద్దు" అంది. నాకు ఏడుపొచ్చింది. నెమళ్లు ఒక దిక్కు, దిండ్లు ఒక దిక్కు. ఎంత వికారంగా ఉందో!

మా నాన్నను మేము బాపు అనేవాళ్లం. ఆ వారం ఆయనది ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. పొద్దున ఏడింటికి వచ్చి, ఇంత తిని, మధ్యాహ్నం దాకా నిద్రపోయేవాడు. ఆయన వచ్చే వేళకు అమ్మ నల్లా దగ్గర నీళ్ల వరసలో ఉండేది. నేను దిండ్లు తీసుకెళ్లి మళ్లీ నెమళ్ల కింద పెట్టేదాన్ని. నిద్ర ముంచుకొచ్చే మనిషికి దిక్కులతో పనేముంది, దిండు ఎక్కడుంటే తల అక్కడ వాల్చేవాడు. అమ్మ వచ్చి చూసినా, అలసిపోయిన మనిషిని లేపలేక ఊరుకునేది. ఆయనే అటు తిరిగి పడుకున్నాడనుకుంది. మూడు రోజులు అలా గడిచాయి.

పండగకు మా నానమ్మ కీసర దగ్గరి పల్లె నుంచి వచ్చింది. దిక్కుల పట్టింపు ఆమెకు మా అందరికంటే ఎక్కువ. ఎవరింటికి వెళ్లినా పొద్దు ఎటు పొడుస్తుందో అడిగిగానీ చాప పరిచేది కాదు. చవితి పొద్దున ఏడయింది, ఎనిమిదయింది, బాపు రాలేదు. ఓవర్‌టైము చేస్తున్నాడేమో అనుకున్నాం. ఇక ఆగలేమని నానమ్మ పూజ మొదలుపెట్టించి, మా చేతుల్లో అక్షింతలు పెట్టి కథ చెప్పింది. ఏటేటా వినే కథే. బాలుడి తల తెగిపడుతుంది. ఉత్తరం దిక్కు తల పెట్టి పడుకున్న ప్రాణి ఏది కనబడితే దాని తల తెమ్మని శివుడు భటులను పంపుతాడు. వాళ్లకు ఏనుగు కనబడుతుంది.

అంతకుముందు ఆ మాట నా చెవిన పడి వెళ్లిపోయేది. ఆ రోజు మాత్రం పోలేదు. ఏనుగు ఏం పాపం చేసిందని ఎవరూ అడగలేదు. అది అటు తల పెట్టి పడుకుంది, అంతే. మా బాపు కూడా మూడు రోజులు అటే పడుకున్నాడు. పడుకోబెట్టింది నేను. కథ అయిపోయి అందరూ అక్షింతలు తల మీద వేసుకుంటుంటే, నావి చెమటకు అరచేతికి అంటుకుపోయాయి.

మధ్యాహ్నం బాపుతో పనిచేసే మామ ఒకాయన ఆయనను స్కూటరు మీద తీసుకొచ్చాడు. బాపు కుడిచేతికి పెద్ద కట్టు ఉంది. రెండు వేళ్లకు కుట్లు పడ్డాయి. "కొక్కెం ఊడి పైకెల్లి ఇనుప పట్టీ జారింది వదినా. జర పక్కకు జరిగిండు కాబట్టి చెయ్యి మీద పడ్డది. తలకొచ్చింది తలపాగతోటి పోయిందనుకో" అన్నాడు ఆ మామ. అమ్మను ఊరడించడానికే అన్నాడు పాపం. నాకు మాత్రం ఆ మాట వేరేలా వినబడింది. భటులు తల కోసమే వచ్చారన్నమాట. ఈసారికి తప్పింది, మళ్లీ వస్తారు.

గబగబా వెళ్లి దిండ్లు కాళ్ల వైపు పెట్టాను. అయినా భయం పోలేదు. ఉండ్రాళ్లు ముట్టలేదు. బాపు పడుకుంటే తల దగ్గరే కూర్చున్నాను. గుమ్మంలో ఎవరి నీడ పడ్డా ఉలిక్కిపడ్డాను. మర్నాటికి ఒళ్లు కాలిపోతోంది. పండగ తిండి పడలేదని అమ్మ అనుకుంది. నానమ్మ మాత్రం నన్ను వెనక నల్లా దగ్గరికి తీసుకెళ్లి, ముఖం కడిగి, కొంగుతో తుడిచి, "ఏమైంది బిడ్డా?" అని ఒక్క మాట అడిగింది. అంతా చెప్పేశాను. దిక్కుల గురించి అంత పట్టింపున్న మనిషి, నన్ను చీరేస్తుందనుకున్నాను.

ఆమె తిట్టలేదు, నవ్వనూ లేదు. "ఇనుము జారింది కొక్కెం ఊడి. ఆ కొక్కెం నువ్వు మంచం మీద మెత్త జరిపినందుకు ఊడిందా?" అంది. నేను నమ్మలేదు. నమ్మలేదని ఆమెకూ తెలిసింది. లేచి ముందు గదిలోకి వెళ్లింది. బాపు అప్పుడు వాకిట్లో కూర్చుని ఉన్నాడు. దిండు తీసి నెమళ్ల కింద పెట్టి, ఉత్తరం దిక్కు తల పెట్టి, వెల్లకిలా పడుకుంది. "ఇగో, పండుకున్న. కూసొని జూడు" అంది.

ఇంతలో వంటగదిలోంచి వచ్చిన అమ్మ, "అయ్యో అత్తమ్మా, అది ఉత్తరం!" అని అరిచింది. "నాకెరుకలేదా? ఇటు గాలి మంచిగొస్తుంది" అని నానమ్మ కళ్లు మూసుకుంది. కాసేపటికి గురక మొదలైంది. అది మామూలు గురక కాదు, పక్కింటి అక్క కూడా తొంగిచూసి పోయింది.

బాపు కుట్లు విప్పే దాకా, ఇంచుమించు పదిహేను రోజులు, ప్రతి మధ్యాహ్నం ఆమె అలాగే పడుకుంది. నేను బడి నుంచి అన్నానికి వచ్చి గడప మీద కాపలా కూర్చునేదాన్ని. మొదట్లో భయం రెట్టింపయింది, బాపుకు తోడు ఇప్పుడు నానమ్మ కూడానా అని. ఒకసారి గురక ఆగిపోతే పరుగెత్తుకెళ్లి కుదిపేశాను. ఒక కన్ను తెరిచి, "ఏందే, మంచి నిద్ర చెడగొడ్తివి" అని మళ్లీ మొదలుపెట్టింది. ఆ గురక వింటూనే నేను అన్నం తినడం మొదలుపెట్టాను. చివరి రోజుల్లోనైతే గడప మీదే నాకు నిద్ర పట్టేసేది.

దిండ్ల సంగతి ఆమె అమ్మకు గానీ బాపుకు గానీ చెప్పలేదు. ఊరికి పోయే ముందు దిండ్లకు రెండు కొత్త గలీబులు కుట్టి, రంగుదారాలతో ఒక్కోదాని మీద ఒక్కో నెమలిని అల్లింది. ఆ దిండ్లు కాళ్ల వైపు ఉన్నా ఇక వికారంగా అనిపించలేదు.

తెలంగాణ వచ్చిన ఏడు నాకు పెళ్లయి చిల్కానగర్‌లో కాపురం పెట్టాను. ఇల్లు చూడడానికి వచ్చిన నానమ్మ, చెప్పులు విప్పకముందే పొద్దు ఎటు పొడుస్తదని అడిగింది. నాకు నవ్వొచ్చింది. అప్పుడు పదిహేను రోజులు ఉత్తరానికి తల పెట్టి హాయిగా నిద్రపోయిన దానివి, ఇప్పుడీ పట్టింపేమిటని ఆటపట్టించాను.

"నిద్రనా? ఒక్క దినం గూడ పట్టలే. గుండె దడదడ కొట్టుకునేది. లోపల్లోపల రామలింగేశ్వరుని తలుచుకుంటనే ఉన్న" అంది.

మరి గురక అని అడిగాను.

"అది నీ కోసం తీసిన. గడప మీద బిక్కుబిక్కుమంటుంటివి గదా. ఆ దిక్కుకు నిజంగనే ఏమన్న పట్టుడు ఉంటే, కొడుకును, పిల్లను ఇడిసి నన్ను పట్టనీ అనుకున్న."

నవ్వుదామనుకున్నాను, ఏడుపొచ్చింది. ఆ గదిలో ఎక్కువ భయపడింది నేనని పన్నెండేళ్లపాటు అనుకుంటూ వచ్చాను.

ఇప్పుడు నా కూతురికి వెనక గదిలోని బల్లి అంటే భయం. నిజం చెప్పాలంటే పిల్లకంటే నాకే ఎక్కువ. అయినా అక్కడేం లేదు పో అని ఎప్పుడూ అనను. వెళ్లి సరిగ్గా ఆ బల్లి కిందే చాప పరిచి పడుకుంటాను. కళ్లు గట్టిగా మూసుకుని, గుమ్మం దాకా వినబడేట్టు గురక తీస్తాను.